మంచు మీద దొర్లుతూ వేసిన లెక్క: డొమినిక్ హాషెక్ గోల్‌కీపింగ్

ఐస్ హాకీ గోల్‌కీపర్ డొమినిక్ హాషెక్ ఆడిన పాత మ్యాచ్ వీడియో ఏదైనా మొదటిసారి చూస్తే ఒక అనుమానం రాకమానదు: ఇతనికి అసలు నిలబడటం వచ్చా? పక్ (ఈ ఆటలో బంతి బదులు వాడే బిళ్ల) ఎడమ నుంచి కుడికి వెళ్తే చాలు, మనిషి అడ్డంగా పడిపోతాడు. వెల్లకిలా తిరిగి కాళ్లు గాల్లోకి లేపుతాడు. ఒక్కోసారి చేతిలో కర్ర వదిలేసి, కూరల మార్కెట్లో కింద పడ్డ నిమ్మకాయ ఏరుకున్నట్టు పక్‌ను చేత్తో పట్టుకుంటాడు. ఐస్ హాకీ శిక్షకులు ఏ కుర్రాడికీ నేర్పని పనులివి, చేస్తే తిట్టే పనులు. అలాంటివాడు ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అత్యుత్తమ గోల్‌కీపర్‌కిచ్చే వెజినా ట్రోఫీని 6 సార్లు, లీగ్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీని వరసగా 2 సార్లు (1997, 1998) గెలిచాడు. హార్ట్ ట్రోఫీ రెండుసార్లు అందుకున్న గోల్‌కీపర్ మరొకరు లేరు. 1962 తర్వాత, హాషెక్ దాకా అది ఏ గోల్‌కీపర్‌కీ దక్కనే లేదు.

ఇదంతా మెరుపు రిఫ్లెక్స్‌ల మహిమ అని సరిపెట్టేస్తుంటారు. రిఫ్లెక్స్‌లు ఉన్నమాట నిజమే. కానీ 43 ఏళ్ల వయసులో ఎన్‌హెచ్‌ఎల్‌లో, 46 ఏళ్లకు రష్యా కేంద్రంగా నడిచే లీగ్‌లో ఆడిన మనిషిని రిఫ్లెక్స్‌లొక్కటే అంతకాలం నిలబెట్టలేవు. ఆ పడిపోవడం వెనక ఎత్తుల లెక్క, కోణాల లెక్క ఉన్నాయి.

ముందు కొలతలు

మన దగ్గర హాకీ అంటే టర్ఫ్ మీద ఆడేదే. అందులో గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. ఐస్ హాకీలో వెడల్పు 1.83 మీటర్లు, ఎత్తు 1.22 మీటర్లు మాత్రమే. విస్తీర్ణం చూస్తే 7.8 చదరపు మీటర్లకు 2.2 చదరపు మీటర్లు, అంటే మూడో వంతు కూడా లేదు. మరి కాపలా తేలికే కదా అనిపిస్తుంది. పక్ అనేది గట్టి రబ్బరు బిళ్ల. అడ్డంగా 7.6 సెంటీమీటర్లు, మందం 2.5 సెంటీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాములు. మ్యాచ్‌కు ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు. వెచ్చబడితే రబ్బరు ఎగిరెగిరి పడుతుంది, మంచు మీద సాఫీగా జారదు. మణికట్టు విసురుతో కొట్టిన మామూలు షాట్ గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకుంటే, 6 మీటర్ల దూరం నుంచి గోల్‌కు చేరడానికి పట్టేది 0.2 సెకను. మనిషి కన్ను చూసి, చెయ్యి కదలడం మొదలుపెట్టడానికే దాదాపు అంత పడుతుంది. కాబట్టి షాట్ కొట్టాక చేసేది తక్కువ, కొట్టకముందు ఎక్కడున్నాడన్నదే ఎక్కువ.

గోల్‌కీపర్ ముందుకు వచ్చినకొద్దీ కాపాడాల్సిన వెడల్పు తగ్గుతుంది. పక్ గోల్‌కు ఎదురుగా 9 మీటర్ల దూరంలో ఉండి, గోల్‌కీపర్ గీత మీద నుంచి 2 మీటర్లు ముందుకు వస్తే, అక్కడ మూయాల్సింది 1.83 కాదు, 1.42 మీటర్లే. ఇది పాఠ్యపుస్తకాల్లోని లెక్క, అందరూ పాటించేదే. చిక్కంతా పక్ పక్కకు పాస్ అయినప్పుడు, లేదా మొదటి షాట్ ప్యాడ్‌కు తగిలి తిరిగి ఎదుటివాడి కర్ర ముందు పడినప్పుడు వస్తుంది. ముందుకొచ్చిన గోల్‌కీపర్ అప్పుడు తప్పుచోట ఉన్నట్టే.

1980ల చివర, 90లలో ప్యాట్రిక్ రువా అనే గోల్‌కీపర్ వల్ల బాగా వ్యాపించిన పద్ధతి బటర్‌ఫ్లై. మోకాళ్లు దగ్గరగా పెట్టి కూలబడి, పిక్కలను రెండు పక్కలకూ రెక్కల్లా చాపడం. అప్పటి నిబంధన ప్రకారం కాలి ప్యాడ్ వెడల్పు గరిష్ఠంగా 12 అంగుళాలు. అది పక్కకు పడుకుంటే మంచు మీద దాదాపు 30 సెంటీమీటర్ల గోడ లేస్తుంది. కింద నుంచి వచ్చే షాట్లకు ఇది మంచి అడ్డు. కానీ మోకాళ్ల మీదున్నవాడు పక్కకు జరగాలంటే ఒక మోకాలు లేపాలి, స్కేట్ అంచు మంచులో దించాలి, తొయ్యాలి. మూడు పనులు. ఈలోపు పక్ వెళ్లిపోతుంది.

హాషెక్ ఈ మూడు పనుల్నీ ఎత్తేశాడు. లేవకుండానే పక్కకు పడ్డాడు.

పడటంలోని వరస

పక్ అతని ఎడమ నుంచి కుడికి దాటిందనుకుందాం. మొదట తల, కుడి భుజం అటు వెళ్తాయి. చూపు పక్ మీద నుంచి తప్పదు, కాళ్లింకా వెనకే ఉంటాయి. వెంటనే కుడి ముంజేయి, కర్రలోని వెడల్పాటి భాగం మంచుకు ఆనుకుని పరుచుకుంటాయి, దాంతో నేలబారు షాట్‌కు దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత నడుము నేలను తాకుతుంది, ఎడమ కాలు పైనుంచి తిరిగి వచ్చి నిలువుగా లేస్తుంది. పక్ పట్టే గ్లవ్ ఎడమ చేతికి ఉంటుంది కాబట్టి ఆ చెయ్యి పైన స్వేచ్ఛగా మిగులుతుంది. ఎదుటివాడు కొట్టకుండా ఆగి పక్‌ను వెనక్కి లాక్కుంటే, అదే ఊపులో వీపు మీదుగా దొర్లి కాళ్లను రెండోవైపుకు తిప్పేస్తాడు. జనం నవ్వుకున్నది ఈ ఆఖరి భాగం చూసే.

ఇక ఎత్తు లెక్క. పడుకున్న శరీరం, లేపిన కాలు కలిసి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు అడ్డుకుంటాయనుకుందాం. కొట్టేవాడు 1.5 మీటర్ల దూరంలో ఉన్నాడు. పక్ మంచు మీద నుంచి లేచి ఆ 60 సెంటీమీటర్లు దాటాలంటే మీటరుకు 40 సెంటీమీటర్ల చొప్పున పైకి పోవాలి. హాషెక్ గోల్ గీతకు 1 మీటరు ముందు పడుకుని ఉంటే, పక్ గీత చేరేసరికి ఎత్తు 1 మీటరు అవుతుంది, పైకమ్మీ 1.22 దగ్గర ఉంది కాబట్టి గోల్. అదే హాషెక్ 2 మీటర్లు ముందు పడుకుని ఉంటే పక్ 1.4 మీటర్ల ఎత్తుకు పోయి కమ్మీ మీదుగా వెళ్లిపోతుంది. ఆ ఒక్క మీటరే తేడా. అందుకే అతను వెనక్కి పడేవాడు కాదు, కొట్టేవాడి మీదికి పడేవాడు. పక్‌ను మెల్లగా పైకెత్తి వేస్తే, అంటే లాబ్ చేస్తే, ఈ లెక్క తప్పుతుంది నిజమే. కానీ డిఫెండర్లు వెంటపడుతుండగా అంత దగ్గర్లో లాబ్ చేసే తీరిక ఎవరికీ ఉండదు.

కర్ర వదిలేయడం సంగతి వేరు. కుడి చేతికి బ్లాకర్ అనే బల్లపరుపు గ్లవ్ ఉంటుంది, ఆ చేత్తోనే కర్ర పట్టుకుంటారు. కర్ర అనేది రెండు కాళ్ల మధ్య ఖాళీకి తలుపు లాంటిది, ఎన్నడూ వదలొద్దన్నది గోల్‌కీపింగ్‌లో మొదటి పాఠం. హాషెక్ మాత్రం గోల్ ముందు పక్ ఎవరికీ చిక్కకుండా తిరుగుతున్నప్పుడు కర్ర పడేసి, బ్లాకర్ చేతి వేళ్లతోనే దాన్ని నేలకు అదిమేసేవాడు. పక్ కదలకుండా పట్టుకుంటే రిఫరీ విజిల్ వేస్తాడు, రెండో షాట్ ఉండదు. రెండో షాటే ప్రమాదమని తెలిసినవాడికి ఇది న్యాయమైన బేరం. పక్ చేతికి చిక్కకపోతే మాత్రం చాలా ఖరీదైన బేరం: తలుపు లేదు, పక్‌ను బయటికి నెట్టడానికి సాధనమూ లేదు.

తలకు పెట్టుకున్నదీ అందరిలాంటిది కాదు. అప్పటికే చాలామంది ముఖానికి అచ్చంగా అమరే ఫైబర్ మాస్క్‌లకు మారారు. హాషెక్ మామూలు ఆటగాళ్ల హెల్మెట్‌కు ఇనుప జాలీ తగిలించిన పాత రకాన్నే వాడాడు. ఫైబర్ మాస్క్ వంపుగా ఉండి పక్ దెబ్బను పక్కకు జారవిడుస్తుంది. చదునైన జాలీ దెబ్బను సూటిగా తీసుకుంటుంది. రక్షణ పరంగా అది వెనకబాటే, ఆ విషయంలో అతన్ని అనుకరించమని ఎవరూ చెప్పరు.

ఆలస్యంగా వచ్చిన మనిషి

హాషెక్ 1965 జనవరి 29న చెకోస్లొవేకియాలోని పర్దుబిట్సెలో పుట్టాడు. 16 ఏళ్లకే ఊరి జట్టు తరఫున దేశపు పెద్ద లీగ్‌లో అడుగుపెట్టాడు. 1987, 1989ల్లో ఆ జట్టు జాతీయ ఛాంపియన్. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు చికాగో బ్లాక్‌హాక్స్ అతన్ని 1983 డ్రాఫ్ట్‌లోనే (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఏరుకునే కార్యక్రమం) ఎంచుకుంది, కానీ 10వ రౌండ్‌లో, 199వ ఆటగాడిగా. కమ్యూనిస్టు దేశం నుంచి ఆటగాడు బయటికి రావడం దాదాపు అసాధ్యం కాబట్టి అమెరికన్ జట్లు ఇలాంటి పేర్లను లాటరీ టికెట్‌లా చివర్లో కొనిపెట్టుకునేవి. తనను ఎంచుకున్న సంగతి హాషెక్‌కు చాలా నెలల తర్వాత గానీ తెలియలేదు. 1989–90 సీజన్ సైన్యపు జట్టు దుక్లా యిహ్లావాలో గడిచింది. 1989 నవంబరులో ప్రభుత్వం కూలింది. 1990లో చికాగో చేరేసరికి వయసు 25.

అక్కడ అతని ముందు ఎడ్ బెల్‌ఫోర్ ఉన్నాడు. అతను 1990–91లో ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు, వెజినా రెండూ పట్టుకుపోయాడు. హాషెక్ రెండు సీజన్లలో 25 లీగ్ మ్యాచ్‌లాడాడు, మిగతా కాలం కింది లీగ్‌లో ఇండియానాపొలిస్‌కు ఆడాడు. 1992 ఆగస్టులో చికాగో అతన్ని అదే లీగ్‌లోని బఫెలో జట్టుకు ఇచ్చేసి స్టెఫాన్ బొరగార్డ్ అనే గోల్‌కీపర్‌ను, తర్వాతి డ్రాఫ్ట్‌లో ఒక అవకాశాన్ని తీసుకుంది. ఐస్ హాకీ చరిత్రలోని నష్టపు బేరాల జాబితా ఎవరు రాసినా ఇది అందులో ఉంటుంది. అయితే చికాగోను మరీ తిట్టడమూ సబబు కాదు. అప్పటికి హాషెక్ వయసు 27, చేతిలో బెల్‌ఫోర్ ఉన్నాడు, ఈ దొర్లుడు ఆట ఏళ్ల తరబడి నిలుస్తుందని నమ్మడానికి ముందు ఉదాహరణ ఏదీ లేదు.

బఫెలోలో కూడా మొదటి గోల్‌కీపర్ గ్రాంట్ ఫ్యూర్. 1993–94లో అతను గాయపడటంతో హాషెక్‌కు గోల్ కాసే అవకాశం దక్కింది. ఆ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 1.95 గోల్స్ ఇచ్చాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 1973–74లో బెర్నీ పేరెంట్ తర్వాత ఆ సగటు 2 కన్నా దిగువకు తెచ్చింది అతనే.

సగటు గోల్స్ లెక్కలో ఒక మోసం ఉంది: జట్టు డిఫెన్స్ బాగుంటే అది దానంతటదే తగ్గుతుంది. గోల్‌కీపర్‌ను విడిగా చూపే అంకె సేవ్ పర్సెంటేజ్, అంటే గోల్ వైపు వచ్చిన షాట్లలో ఆపినవాటి వాటా. 1993–94లో హాషెక్‌ది 0.930, లీగ్ సగటు 0.895 ప్రాంతంలో. 1,500 షాట్లకు లెక్కేస్తే హాషెక్ ఇచ్చేవి 105 గోల్స్, సగటు గోల్‌కీపర్ ఇచ్చేవి సుమారు 157. తేడా 52. స్థూలంగా ఆరు గోల్స్ తేడా ఒక గెలుపుతో సమానమని హాకీ గణాంకవేత్తలు వాడే కొలత ప్రకారం, 84 మ్యాచ్‌ల ఆ సీజన్‌లో ఒక్క మనిషి వల్ల ఎనిమిది, తొమ్మిది గెలుపులు. 1993–94 నుంచి 1998–99 దాకా వరసగా ఆరు సీజన్లు ఈ అంకెలో లీగ్‌లో అతనిదే మొదటి స్థానం, చివరి ఏడాది 0.937. కెరీర్ మొత్తమ్మీద 735 మ్యాచ్‌లు, 389 గెలుపులు, 81 షటౌట్లు (ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు), సేవ్ పర్సెంటేజ్ 0.922.

ఒకే రాత్రిలో ఇది ఎలా కనిపిస్తుందో చూడాలంటే 1994 ఏప్రిల్ 27 చాలు. న్యూజెర్సీతో ప్లేఆఫ్ ఆరో మ్యాచ్ నాలుగో ఓవర్‌టైమ్ దాకా వెళ్లింది. డేవ్ హానన్ గోల్‌తో బఫెలో 1–0తో గెలిచింది. హాషెక్ 70 షాట్లు ఆపాడు. ఏడో మ్యాచ్ ఓడి బఫెలో ఇంటికి పోయింది, అది వేరే కథ. అతని బఫెలో ఏళ్లన్నీ దాదాపు ఇదే తీరు: గోల్ దగ్గర అద్భుతం, ఎదుటి గోల్ దగ్గర కరువు.

1997 వసంతం మాత్రం చేదుగా గడిచింది. ప్లేఆఫ్‌లో మోకాలి గాయంతో మధ్యలో తప్పుకుంటే, అది నిజం గాయమేనా అని స్థానిక పత్రికలో ప్రశ్న లేచింది. ఆ విలేఖరి మీద చెయ్యి చేసుకున్నందుకు లీగ్ 3 మ్యాచ్‌ల నిషేధం వేసింది. కోచ్ టెడ్ నోలన్‌తో పొసగలేదు. ఆ ఏడాది ఉత్తమ కోచ్ అవార్డు పొందిన నోలన్ జట్టు వదిలి వెళ్లాడు, కొన్నాళ్లపాటు సొంత ప్రేక్షకులే హాషెక్‌ను గేలి చేశారు.

నాగానో: పద్ధతికి సరిగ్గా సరిపోయిన పరీక్ష

1998 వింటర్ ఒలింపిక్స్‌కు ఎన్‌హెచ్‌ఎల్ మొదటిసారి తన సీజన్ ఆపి ఆటగాళ్లను పంపింది. చెక్ జట్టులో యారొమిర్ యాగర్ లాంటివాళ్లున్నా, కెనడా, అమెరికా జాబితాలతో పోలిస్తే పేర్లు తక్కువే. కోచ్ ఇవాన్ హ్లింకా వ్యూహంలో దాపరికం లేదు: వెనక గట్టిగా ఆడండి, మిగతాది హాషెక్ చూసుకుంటాడు. 6 మ్యాచ్‌ల్లో చెక్ జట్టు ఇచ్చిన గోల్స్ మొత్తం 6.

ఫిబ్రవరి 20న సెమీఫైనల్లో కెనడాతో మ్యాచ్ 1–1. నిర్ణీత సమయంలో మరో నిమిషం మాత్రమే మిగిలుండగా ట్రెవర్ లిండెన్ స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో ఫలితం తేలలేదు, షూటౌట్‌కు వెళ్లింది. చెక్ తరఫున రాబర్ట్ రైహెల్ ఒక్కడే గోల్ కొట్టాడు. కెనడా తరఫున వచ్చినవాళ్లు వరసగా ఫ్లూరీ, బూర్క్, న్యూవెండైక్, లిండ్రోస్, షానహన్. ఐదుగురిలో ఒక్కరూ గోల్ చేయలేకపోయారు. ఐస్ హాకీలోకెల్లా గొప్ప ఆటగాడిగా పేరున్న వేన్ గ్రెట్‌స్కీని ఆ ఐదుగురిలోకి తీసుకోని కోచ్ మార్క్ క్రాఫర్డ్‌ను కెనడా ఇప్పటికీ క్షమించలేదు.

ఇందులో అదృష్టం పాలు లేదని కాదు. కానీ షూటౌట్ నిబంధనలు హాషెక్ పద్ధతిలోని బలహీనతను తీసిపారేస్తాయి. ఒకసారి ఆపితే అయిపోయినట్టే, తిరిగొచ్చిన పక్‌ను మళ్లీ కొట్టే హక్కు లేదు. పడుకున్న గోల్‌కీపర్‌కు ఉన్న ప్రధాన ప్రమాదం ఆ రెండో షాటే కదా. పైగా ఎక్కువమంది దగ్గరకొచ్చి బోల్తా కొట్టించాలనే చూస్తారు, ఆ 1.5 మీటర్ల దూరంలో ఎత్తు లెక్క హాషెక్ పక్షాన ఉంటుంది. దూరం నుంచి పైమూలకు కొడితే అవకాశం ఎక్కువ, కానీ ఒక్కడే గోల్ మీదికి దూసుకొచ్చేవాడికి దగ్గరికి వెళ్లకుండా ఉండటం కష్టం.

22న ఫైనల్లో రష్యాపై 1–0. పెటర్ స్వోబొదా మూడో పీరియడ్‌లో కొట్టిన గోల్ చాలింది.

ఎక్కడ తప్పింది

1999 జూన్ 19న ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్ ఆరో మ్యాచ్ బఫెలోలో మొదలైంది. అప్పటికి గెలిచిన మ్యాచ్‌లలో డాలస్ ఆధిక్యం 3–2. మ్యాచ్ మూడో ఓవర్‌టైమ్‌కు చేరి అర్ధరాత్రి దాటింది. బ్రెట్ హల్ మొదటి ప్రయత్నాన్ని హాషెక్ ఆపాడు, పక్ మళ్లీ హల్ దగ్గరికే వచ్చింది. కాలితో కర్ర మీదికి తెచ్చుకుని, నేల మీదున్న హాషెక్‌ను దాటించి కొట్టాడు. డాలస్ 2–1తో కప్ గెలిచింది. హల్ స్కేట్ గోల్ ముందున్న నీలి క్రీజ్‌లో ఉంది. పక్ కన్నా ముందు క్రీజ్‌లోకి వెళ్లిన ఆటగాడి గోల్ చెల్లదన్నది ఆ సీజన్‌లో పదేపదే అమలైన నిబంధన. హల్ పక్ మీద అదుపు వదల్లేదు కాబట్టి చెల్లుతుందని లీగ్ చెప్పింది. తర్వాతి సీజన్‌కు ఆ నిబంధననే ఎత్తేసింది. బఫెలోలో ఈ వాదన ఇంకా చల్లారలేదు. గోల్‌కీపింగ్ పరంగా చూస్తే మాత్రం అది ఈ పద్ధతి ఓడే తీరుకు నమూనా: మొదటిది ఆపాడు, పక్ చేతికి చిక్కలేదు, రెండోదానికి లేచే వ్యవధి లేదు.

రెండో నష్టం శరీరానిది. తొడ లోపలి కండరాల పని చాచిన కాళ్లను దగ్గరకు లాగడం. గోల్‌కీపర్ కాళ్లు విప్పార్చి జారుతూ, అదే క్షణంలో ఆపి వెనక్కి లాక్కుంటే కండరం సాగుతూనే బిగుసుకోవాలి. చిరిగేది అప్పుడే. హాషెక్ ఆటలో ఈ కదలిక మ్యాచ్‌కు ఎన్నోసార్లు వస్తుంది. వంగే గుణం ఉన్న నడుము, తుంటి వల్ల ఎక్కువకాలం తట్టుకున్నాడు గానీ, 1999–2000లో గజ్జల గాయంతో 35 మ్యాచ్‌లకే పరిమితమయ్యాడు. 2003–04లో డెట్రాయిట్ జట్టు తరఫున దిగి 14 మ్యాచ్‌లకే ఆగిపోయాడు. 2006లో ఒట్టావా తరఫున మంచి ఊపులో ఉండగా టురిన్ ఒలింపిక్స్ మొదటి మ్యాచ్‌లోనే తొడ కండరం పట్టేసింది, ఆ సీజన్‌లో మళ్లీ దిగలేదు. ఒట్టావా ప్లేఆఫ్‌లో రెండో రౌండ్‌లో ఓడింది, అదీ బఫెలో చేతిలో.

స్టాన్లీ కప్ మాత్రం దక్కింది. 2001లో బఫెలో అతన్ని డెట్రాయిట్‌కు ఇచ్చింది. అది యువకుల జట్టేం కాదు గానీ డిఫెన్స్ చాలా గట్టిది. 41 గెలుపులు, ప్లేఆఫ్‌లో 6 షటౌట్లు, 2002లో కప్. చిత్రమేమిటంటే అతని సేవ్ పర్సెంటేజ్ బఫెలో రోజుల కన్నా తక్కువ. గెలుపులు, ట్రోఫీలు జట్టువి, సేవ్ పర్సెంటేజ్ గోల్‌కీపర్‌ది అన్న తేడా ఇంత స్పష్టంగా కనిపించే కెరీర్‌లు అరుదు. 2008లో రెండో కప్ వచ్చింది గానీ, ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లోనే గోల్ కాపలా క్రిస్ ఓస్గుడ్‌కు అప్పగించి బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. ఓస్గుడ్ కూడా హెల్మెట్, జాలీ వాడినవాడే.

ఆ వేసవిలో ఎన్‌హెచ్‌ఎల్‌కు వీడ్కోలు చెప్పి, ఏడాది ఆగి పర్దుబిట్సెకు వెళ్లి 2010లో 45 ఏళ్ల వయసులో సొంత ఊరికి చెక్ లీగ్ టైటిల్ తెచ్చాడు. ఆ తర్వాత ఒక సీజన్ మాస్కో స్పార్టక్‌లో. 2012లో పూర్తిగా మానుకున్నాడు. 2014లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్, 2015 జనవరిలో బఫెలో అతని 39వ నంబర్ జెర్సీకి విశ్రాంతి, అంటే ఆ నంబర్ ఇక జట్టులో ఎవరికీ ఇవ్వరు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక, ఎన్‌హెచ్‌ఎల్‌లో రష్యా ఆటగాళ్లను ఆడనివ్వకూడదని గట్టిగా వాదిస్తూ మళ్లీ వార్తల్లోకి వచ్చాడు.

ఇప్పటి గోల్‌కీపర్ శిక్షణలో హాషెక్ పద్ధతి మొత్తంగా ఎక్కడా లేదు. వేలమంది కుర్రాళ్లకు ఒకే తీరున నేర్పడానికి బటర్‌ఫ్లై అనువు, మోకాళ్ల మీద నుంచే ప్యాడ్ జారించి పక్కకు వెళ్లే కిటుకులు ఆ మూడు పనుల ఆలస్యాన్ని చాలావరకు తగ్గించాయి. హాషెక్ నుంచి మిగిలినవి ముక్కలే: స్థానం తప్పినప్పుడు ముందు తల, భుజం పంపాలనడం, కర్రను మంచుకు ఆనించి పరచడం, ఓడిపోయిన క్షణంలోనూ పై కాలు లేపడం. శిక్షకులు వీటిని ప్రాక్టీస్ చివర్లో పెడతారు, అప్పటికి కుర్రాళ్ల కాళ్లు అలిసిపోయి, లేచి నిలబడే ఓపిక ఎలాగూ ఉండదు.